తూకం ముల్లు కదలకపోయినా

"మూడు నెలలుగా రోజూ నడుస్తున్నానండీ, అరకిలో కూడా తగ్గలేదు." హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు దగ్గరైనా, విశాఖలో ఆర్‌కే బీచ్ దగ్గరైనా, చిన్న ఊళ్ళో కాలేజీ గ్రౌండులోనైనా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. అలా అన్నవాళ్ళలో చాలామంది నాలుగో నెలకు కనిపించరు. పడ్డ శ్రమంతా వృథా అనుకుని మానేస్తారు. "ఎందుకొచ్చిన తిప్పలు, తగ్గింది లేదు చేసింది లేదు" అని ఇంట్లోవాళ్ళు కూడా అదే తీర్పు ఇస్తారు. ఆ మనిషినే ఇంకో ప్రశ్న అడిగితే జవాబు మారిపోతుంది. మూడో అంతస్తుకు మెట్లెక్కితే ముందున్నంత ఆయాసం ఉందా? బియ్యం బస్తా జరపడానికి ఇంకొకరి సాయం కావలసివస్తోందా? బస్సు కోసం నాలుగడుగులు పరుగెత్తితే గుండె దడ ఎంతసేపటికి తగ్గుతోంది? ఈ ప్రశ్నలు మనం అడగం. తూకం మిషన్ చెప్పిన అంకెతోనే వ్యాయామం పాసైందో ఫెయిలైందో తేల్చేస్తాం.

బరువు తగ్గకుండా ఫిట్‌నెస్ పెరుగుతుందా? పెరిగితే దాని విలువ ఎంత? ఈ రెండు ప్రశ్నల చుట్టూ డెబ్బై ఏళ్ళుగా పరిశోధన సాగుతోంది. మొదటిదానికి జవాబు దొరికింది: పెరుగుతుంది, అందులో సందేహం లేదు. రెండోదాని మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇక్కడ ఫిట్‌నెస్ అంటే అందం కాదు, కండలు తిరిగిన దేహమూ కాదు. ఒళ్ళు వంచి పనిచేసేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు, కండరాలు కలిసి నిమిషానికి గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వాడుకోగలవన్నది దాని ప్రధాన కొలమానం. దీన్నే వీఓ2 మాక్స్ అంటారు. దానికి తోడు కండరాల బలం.

ఈ పరిశోధన లండన్ సిటీ బస్సుల్లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో గుండెపోట్లు పెరుగుతూ వచ్చాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన బృందంతో రవాణా ఉద్యోగుల ఆరోగ్య రికార్డులను పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించాడు. డ్రైవర్లకంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినా అంత తొందరగా ప్రాణం తీయలేదు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే రకం బతుకు. ఒకరు డ్యూటీ అంతా సీటులో కూర్చుంటారు. రెండోవారు రెండంతస్తుల బస్సులో టికెట్లు కొడుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతారు. హైదరాబాద్‌లో పాత డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్ళకు ఆ ఇరుకు మెట్లు కళ్ళకు కడతాయి.

వెంటనే ఒక అనుమానం వచ్చింది. డ్రైవర్లు లావుగా ఉంటారు కాబట్టి జబ్బు వస్తోందేమో? మోరిస్ బృందం దాన్నీ వదల్లేదు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీసుకుని 1956లో ఇంకో వ్యాసం రాసింది. డ్రైవర్ల నడుములు పెద్దవే. అయినా కండక్టర్లకు దొరికిన రక్షణకు సన్నటి నడుము ఒక్కటే కారణం కాదని తేలింది, ఎందుకంటే లావుపాటి కండక్టర్లకూ ఆ రక్షణ ఉంది. బరువు వేరు, కదలిక వేరు అన్న ఆలోచనకు అంకెలతో దొరికిన తొలి ఆధారం అది. మోరిస్ 99 ఏళ్ళు బతికి 2009లో చనిపోయాడు.

ఇదంతా ఉన్న ఉద్యోగాలను గమనించి చెప్పింది. కావాలని వ్యాయామం చేయించి చూస్తే ఏమవుతుంది? ఈ విషయంలో నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది 2007లో టిమ్ చర్చ్, స్టీవెన్ బ్లెయిర్ తదితరులు అమెరికాలో ప్రచురించిన ప్రయోగం. నెలసరి ఆగిపోయి, బరువు ఎక్కువగా ఉండి, వ్యాయామం అలవాటు లేక, రక్తపోటు కాస్త ఎక్కువున్న 464 మంది స్త్రీలను తీసుకున్నారు. ఒక గుంపును ఎప్పటిలా ఉండమన్నారు. మిగతా మూడు గుంపులతో ఆరు నెలలపాటు సైకిల్ మీద, ట్రెడ్‌మిల్ మీద మూడు మోతాదుల్లో వ్యాయామం చేయించారు. వారానికి సగటున 72 నిమిషాలు, 136 నిమిషాలు, 194 నిమిషాలు. మామూలుగా చెప్పే సలహాకు ఇవి సగం, సమానం, ఒకటిన్నర రెట్లు. తిండి మార్చుకోమని ఎవరికీ చెప్పలేదు.

ఆరు నెలల తర్వాత ఫిట్‌నెస్ వరుసగా 4.2, 6, 8.2 శాతం పెరిగింది. ఎంత చేస్తే అంత ఫలితం అన్నట్టు మెట్టుమెట్టుగా ఎక్కింది. బరువులో మాత్రం గుంపుకూ గుంపుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, అందరికంటే ఎక్కువ వ్యాయామం చేసిన గుంపు లెక్క ప్రకారం తగ్గాల్సినంత తగ్గలేదు. ఆ లోటు సంగతి 2009లో వాళ్ళే విడిగా రాశారు. అయితే వ్యాయామం చేసిన మూడు గుంపుల్లోనూ నడుము చుట్టుకొలత తగ్గింది. రక్తపోటు పెద్దగా తగ్గలేదన్న సంగతి కూడా చెప్పాలి. వ్యాయామం అన్నిటినీ ఒకేసారి బాగుచేస్తుందని ఈ ప్రయోగం చెప్పలేదు. వారానికి గంటకు పైన పది పన్నెండు నిమిషాలు కదిలినా గుండె, ఊపిరితిత్తుల శక్తి పెరుగుతుందని, తూకానికి మాత్రం ఆ సంగతి తెలియదని చెప్పింది. ఇంత చిన్న మోతాదుకు ఫలితం ఉందన్న కబురు మన ఇళ్ళలో అరగంట తీరిక దొరకని ఆడవాళ్ళకు చేరాలి. చేరలేదు.

బరువు ఎందుకు తగ్గదు? ముందు సాదా లెక్క చూద్దాం. అరవై, డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 150 కేలరీలు. అంటే రెండు మూడు ఇడ్లీల పాటి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. నడిచొచ్చిన ఆకలికి ఒక ఇడ్లీ ఎక్కువ పడినా, కాఫీలో ఇంకో చెంచా చక్కెర కలిసినా, అలసటతో మధ్యాహ్నం ఇంకాసేపు నడుం వాల్చినా ఆ లెక్క అక్కడికక్కడే చెల్లు. ఇందులో మనిషి తప్పేమీ లేదు. ఆకలి ఆ లెక్క చూసుకుంటుంది.

దీనికంటే లోతైన కారణం కూడా ఒకటి ఉండవచ్చని హెర్మన్ పాంట్జర్ అనే మానవ శాస్త్రవేత్త వాదన. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా ప్రజలు రోజంతా ఎంత శక్తి ఖర్చు చేస్తారో ఆయన బృందం కొలిచి 2012లో ప్రచురించింది. దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, కుర్చీలో కూర్చుని పనిచేసే పాశ్చాత్యుల ఖర్చుకూ వాళ్ళ ఖర్చుకూ తేడా పెద్దగా కనిపించలేదు. కదలికకు ఎక్కువ ఖర్చయితే శరీరం లోపలి పనుల్లో ఇంకోచోట పొదుపు చేసుకుంటుందన్నది దీనికి ఆయన చెప్పే భాష్యం. ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు, పొదుపు ఎంత, ఎక్కడ అన్నది తేలలేదు. కానీ వ్యాయామంతోనే బరువు దింపాలనుకున్న ప్రయోగాలు పదేపదే నిరాశపరచడానికి ఇదీ ఒక కారణమైతే ఆశ్చర్యపడనక్కర్లేదు.

మొదటి నెలలో కొందరికి బరువు పెరుగుతుంది కూడా. దానికి భయపడి మానేసేవాళ్ళు ఈ నాలుగు మాటలు తెలుసుకోవాలి. వ్యాయామం మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో ఎక్కువగా దాచుకోవడం నేర్చుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది. మిషన్ మీద పెరిగిన ఆ అరకిలో, కిలో చాలావరకు ఈ నీరే. రక్తం పరిమాణం పెరగడం వల్ల గుండె ఒక్కో కొట్టుడికి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, అందుకే అదే పనికి నాడి తక్కువసార్లు కొట్టుకుంటుంది. మిషన్ చెడు కబురుగా చూపించినదే నిజానికి ఫిట్‌నెస్‌కు తొలి గుర్తు.

తర్వాతి మార్పులు నెమ్మదిగా వస్తాయి. కండరంలో సన్నటి రక్తనాళాలు కొత్తగా మొలుస్తాయి. కణాల్లో ప్రాణవాయువుతో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో జాన్ హోలోజీ 1967లో ఎలుకలను పరుగెత్తించి ఈ సంగతి రుజువు చేశాడు. రక్తంలోని చక్కెరను కండరం లోపలికి చేరవేసే ప్రోటీన్లు కూడా ఎక్కువవుతాయి. ఇందులో దేనికీ బరువు తగ్గడం ముందు షరతు కాదు.

డల్లాస్ నగరంలో జరిగిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. 1966లో స్వీడన్ శరీరధర్మ శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్, అక్కడి సహచరులతో కలిసి ఇరవై ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను మూడు వారాలు పూర్తిగా మంచం మీదే ఉంచాడు. వాళ్ళ వీఓ2 మాక్స్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తర్వాత శిక్షణ ఇస్తే తిరిగి లేచింది. అసలు విశేషం ముప్పై ఏళ్ళ తర్వాత బయటపడింది. 1996లో అదే ఐదుగురిని వెతికి పట్టుకున్నారు. వాళ్ళకు యాభై దాటాయి. సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు చేరింది, ఒంట్లో కొవ్వు శాతం రెట్టింపైంది. అయినా గడిచిన ముప్పై ఏళ్ళు వాళ్ళ ఊపిరి శక్తిని తగ్గించినదానికంటే ఇరవై ఏళ్ళప్పటి మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువ! అప్పుడు వాళ్ళతో ఆరు నెలలు నడక, నెమ్మది పరుగు, సైకిల్ తొక్కడం చేయించారు. ముప్పై ఏళ్ళలో కోల్పోయిన శక్తి మొత్తం తిరిగొచ్చింది. బరువు మాత్రం కొద్దిగానే తగ్గింది, పాత 77కు దరిదాపులకు కూడా రాలేదు. ఐదుగురితో చేసిన ప్రయోగాన్ని లోకమంతటికీ వర్తింపజేయలేం. కానీ మన ఇళ్ళలో జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా "లేవకు, పడుకో" అని వారాల తరబడి మంచానికి అంటిపెట్టే ప్రేమ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ మూడు వారాలే గుర్తొస్తాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు నడవమని చెబితే నడిపించాలి.

షుగర్ విషయానికి వస్తే లాభం ఇంకా స్పష్టం. 2001లో కెనడాకు చెందిన బూలే తదితరులు రెండో రకం మధుమేహులతో జరిగిన 14 ప్రయోగాలను కలిపి చూశారు. వ్యాయామం చేసినవారి హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, చేయనివారికంటే 0.66 తక్కువగా ఉంది: 8.31కి బదులు 7.65. ఇదేమీ చిన్న తేడా కాదు. రెండు గుంపుల బరువుల్లో తేడా లేదు. కాలేయంలో పేరుకునే కొవ్వూ అంతే. సిడ్నీలో 2009లో ఊబకాయులతో నాలుగు వారాలు సైకిల్ తొక్కిస్తే కాలేయపు కొవ్వు దాదాపు ఐదో వంతు తగ్గింది, బరువు తగ్గలేదు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఒక గుంపు మగవాళ్ళ చేత రోజూ వ్యాయామం చేయించి, ఖర్చయిన శక్తినంతా తిండి రూపంలో తిరిగి తినిపించాడు, బరువు తగ్గకూడదని. తగ్గలేదు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు మాత్రం తగ్గింది, ఊపిరి శక్తి పెరిగింది.

ఆ లోపలి కొవ్వు సంగతి మనకు మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రిక ఇద్దరు శాస్త్రవేత్తల ఫొటో వేసింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒక్కటే: 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అన్న సంగతిని ఆ ఒక్క ఫొటో ప్రపంచానికి చెప్పింది. అందుకే మనవాళ్ళకు బీఎంఐ హద్దు 25 దగ్గర కాకుండా 23 దగ్గరే గీశారు. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదన్నారు. తూకం మీద "నార్మల్" వచ్చిందని నిశ్చింతగా ఉండే సన్నటి మనిషికి మన దేశంలో షుగర్ రావడం వింతేమీ కాదు. బరువును నమ్ముకుంటే లావుపాటివాళ్ళు నిరుత్సాహపడటం ఒక నష్టం, సన్నటివాళ్ళు తమకు వ్యాయామం అక్కర్లేదనుకోవడం ఇంకా పెద్ద నష్టం. రెండో నష్టం గురించి మనం అసలు మాట్లాడుకోం.

చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం చేసిన పని ఈ మొత్తం చర్చలో మనకు అన్నిటికంటే దగ్గరిది. షుగర్ రాబోయే దశలో ఉన్న 531 మంది భారతీయులను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు సలహా ఇచ్చి వదిలేశారు. ఒక గుంపును రోజూ అరగంట నడవమని, తిండి సరిచూసుకోమని చెప్పి వెంటపడ్డారు. మిగతా రెండింటికి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఇచ్చారు, ఒకదానికి జీవనశైలి మార్పుతో కలిపి. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం మామూలు గుంపులో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్న గుంపులో 39.3 శాతానికే వచ్చింది. సగటు బరువు దాదాపు కదలలేదు. అమెరికాలో, ఫిన్లాండ్‌లో జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో లాభానికి బరువు తగ్గడమే ప్రధాన కారణమని లెక్క తేల్చారు. చెన్నైలో బరువు తగ్గకుండానే లాభం వచ్చింది. ఇందులో నడక వాటా ఎంతో, తిండి వాటా ఎంతో విడదీయలేం. అయినా షుగర్ బార్డర్‌లో ఉన్న తెలుగువాడికి "ముందు పది కిలోలు తగ్గి రా" అని చెప్పే ప్రతి డాక్టరూ ఈ ఫలితాన్ని ముందు తలుచుకోవాలని నా కోరిక.

ఇక అసలు వాదం. లావుగా ఉన్నా ఫిట్‌గా ఉంటే ఎక్కువ కాలం బతుకుతామా? అవునని గట్టిగా చెప్పినవాడు స్టీవెన్ బ్లెయిర్. డల్లాస్‌లో కెన్నెత్ కూపర్ స్థాపించిన సంస్థలో వేలమందిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఓపిక అయిపోయేదాకా నడిపించి, తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళు ఏమయ్యారో చూశారు. 1989లో ప్రచురించిన లెక్కల్లో 10,224 మంది మగవారు, 3,120 మంది ఆడవారు ఉన్నారు. పదివేల మందిని ఏడాదిపాటు గమనిస్తే ఎన్ని చావులన్న లెక్కన, మగవాళ్ళలో అతి తక్కువ ఫిట్‌నెస్ ఉన్నవారిలో 64, అత్యధికంగా ఉన్నవారిలో 18.6. పదేళ్ళ తర్వాత దాదాపు 22 వేల మంది మగవాళ్ళ లెక్కలతో, ఫిట్‌గా ఉన్న ఊబకాయులకు ఫిట్‌నెస్ లేని సన్నటివాళ్ళకంటే ముప్పు తక్కువని చూపించారు. బ్లెయిర్ తానే పొట్టిగా, బొద్దుగా ఉంటూ జీవితమంతా పరుగెత్తినవాడు.

దీనికి ఎదురుగా హార్వర్డ్ బృందం 2004లో 1,16,564 మంది నర్సుల లెక్కలు పెట్టింది. సన్నగా, చురుగ్గా ఉన్నవారి ముప్పును 1 అనుకుంటే, సన్నగా ఉండి కదలనివారికి 1.55, లావుగా ఉండి చురుగ్గా ఉన్నవారికి 1.91, లావుగా ఉండి కదలనివారికి 2.42. చురుకుదనం మేలు చేసింది, కానీ లావు నష్టాన్ని పూర్తిగా మాపలేదు. ఆ తర్వాత స్వీడన్ నుంచి పదమూడు లక్షల మంది యువకుల లెక్కలు వచ్చాయి. సైన్యంలో చేరే వయసులో సైకిల్ పరీక్షతో ఫిట్‌నెస్ కొలిచి, సగటున 29 ఏళ్ళు గమనించారు. అక్కడ ఫిట్‌గా ఉన్న ఊబకాయులకంటే ఫిట్‌నెస్ లేని మామూలు బరువువారే అకాల మరణాన్ని ఎక్కువగా తప్పించుకున్నారు.

మరి ఎవరిది నిజం? తేడా చాలావరకు కొలిచిన తీరులో ఉందని నా అభిప్రాయం. నర్సులను "వారానికి ఎన్ని గంటలు వ్యాయామం చేస్తారు" అని అడిగి రాసుకున్నారు. బ్లెయిర్ ట్రెడ్‌మిల్ మీద కొలిచాడు. మనిషి చెప్పేదానికీ మనిషి గుండె చెప్పేదానికీ దూరం చాలా ఉంటుంది. తూకం మాత్రం రెండుచోట్లా అంకెల్లోనే నమోదవుతుంది కాబట్టి, అడిగి రాసుకున్న వ్యాయామం దానిముందు తేలిపోతుంది. స్వీడన్‌లో కొలిచారు గానీ పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక్కసారి కొలిచి, నలభై ఏడు దాకా అదే నిజమనుకున్నారు. ఆ వయసు మనిషి పెళ్ళి, ఉద్యోగం, పిల్లల తర్వాత ఎలా ఉంటాడో మనకు తెలియనిది కాదు. డల్లాస్ లెక్కల్లోనూ లోపం ఉంది. అక్కడికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది చదువుకున్న, డబ్బున్న తెల్లవాళ్ళు. పైగా ఫిట్‌నెస్‌లో కొంత భాగం పుట్టుకతో వచ్చేదే. ఫిట్‌నెస్‌ను పరీక్షలో కొలిచిన 20 అధ్యయనాలను, దాదాపు నాలుగు లక్షల మంది సమాచారాన్ని కలిపి ఇటీవల ఒక సమీక్ష వచ్చింది. ఫిట్‌గా ఉన్న ఊబకాయులకూ ఫిట్‌గా ఉన్న మామూలు బరువువారికీ మరణాల ముప్పులో గణాంకపరంగా తేడా తేలలేదని, ఫిట్‌నెస్ లేనివారికి ఏ బరువులోనైనా ముప్పు రెండు మూడు రెట్లని అందులో రాశారు. కొలిస్తే బ్లెయిర్ వైపే మొగ్గు ఎక్కువ అని నేను నమ్ముతున్నాను.

అలాగని బరువుకు విలువ లేదనడం అబద్ధం, ఆ అబద్ధం కొందరికి హాని చేస్తుంది కూడా. షుగర్ రావడంలో ఊబకాయం పాత్రను వ్యాయామం పూర్తిగా చెరపలేదని నిక్కచ్చిగా చెప్పే అధ్యయనాలు ఉన్నాయి. వచ్చిన షుగర్‌ను మందులు లేని స్థితికి తేవాలంటే బరువు బాగా తగ్గడమే దారి అని బ్రిటన్‌లో జరిగిన ప్రయోగం 2018లో చూపింది. పదిహేను కిలోలకు పైగా తగ్గినవారిలో 86 శాతం మందికి అది సాధ్యమైంది. మోకాలి నొప్పికి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు కిలోలు తగ్గడం నేరుగా పనిచేసే మందు. ఇలాంటి అవసరం ఉన్నవారు తిండి మార్చుకోవాలి, అవసరమైతే వైద్యం తీసుకోవాలి. నా పోరు ఒక్కదాని మీదే: ఆ పనిని వ్యాయామం నెత్తిన పెట్టి, అది చేయలేకపోయిందని వ్యాయామాన్నే తిట్టి మానేయడం మీద. "నెలలో పది కిలోలు" అని బోర్డు పెట్టి ఫీజు కట్టించుకునే జిమ్‌లు మొదటిరోజే జనానికి ఓటమి రాసిపెడుతున్నాయి.

బలం గురించి మన దగ్గర ఇంకా తక్కువ మాట్లాడతారు. పిడికిలి పట్టు ఎంత గట్టిదో కొలిచే చిన్న పరికరంతో భారత్ సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరీక్షించిన అధ్యయనం 2015లో వచ్చింది. పట్టు ఐదు కిలోలు తగ్గినకొద్దీ మరణాల ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. అంతకుముందు, 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ దరిదాపుల్లో ఉన్న వృద్ధులు పదిమంది ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తితే వాళ్ళ తొడల బలం రెట్టింపును మించి పెరిగింది. మన ఇళ్ళలో డెబ్బై ఏళ్ళ అమ్మమ్మ చేత బరువులెత్తించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు, ఆవిడ నేలమీంచి లేవలేకపోతే మాత్రం వయసు మీదపడిందంటాం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. ఆడపిల్ల బలాన్ని ఆడపిల్ల బరువుకంటే గొప్పగా చెప్పుకోవడానికి తెలుగునేలకు ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

మరి కొందరికి వ్యాయామం చేసినా ఫిట్‌నెస్ కూడా పెరగదంటారు కదా? నిజమే, ఆ మాటకూ ఆధారం ఉంది. క్లాడ్ బూషార్డ్ నేతృత్వంలో జరిగిన అధ్యయనంలో వందల మంది ఇరవై వారాలు ఒకే పద్ధతిలో సైకిల్ తొక్కారు. కొందరి వీఓ2 మాక్స్ నిమిషానికి లీటరుకు పైగా పెరిగింది, కొందరిది దాదాపు పెరగనే లేదు. తేడాలో దాదాపు సగం వంశపారంపర్యమని తేల్చారు. ఇది చూసి "నా జన్యువులే అంతే" అనుకునేవారికి రాబర్ట్ రాస్ 2015లో జవాబిచ్చాడు. తక్కువసేపు, నెమ్మదిగా చేసినవారిలో 38.5 శాతం మందికి ఫిట్‌నెస్ పెరగలేదు. అదే నెమ్మదితో ఎక్కువసేపు చేసినవారిలో ఆ సంఖ్య 17.6 శాతానికి తగ్గింది. ఎక్కువగా, గట్టిగా చేసిన గుంపులో పెరగనివారు ఒక్కరూ లేరు. అంటే ఆరు నెలలు ఒకే వేగంతో, ఒకే దూరం కబుర్లు చెప్పుకుంటూ నడిచి ఆగిపోయినవారు వేగం పెంచి చూడాలి. మధ్యమధ్య రెండేసి నిమిషాలు మాట తడబడేంత వేగంగా నడవడం, వంతెన మెట్లు ఎక్కడం లాంటివి చాలు. గుండెజబ్బు ఉన్నవారు, షుగర్, బీపీ అదుపులో లేనివారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన సలహా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం. ఒకేసారి పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమం ఇప్పుడు లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కే. అయినా 2022 లెక్కల ప్రకారం మన దేశంలో సగం మంది పెద్దలకు చాలినంత శ్రమ లేదు. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. ఈ తేడా బద్ధకం వల్ల వచ్చింది కాదు. చీకటితో లేచి వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, ఆఫీసుకు పరుగెత్తే మనిషికి పార్కు తెరిచే వేళకు తీరిక ఉండదు, తీరిక దొరికే వేళకు వీధి దీపాలు ఉండవు.

ఇంటి దగ్గర కొలుచుకోవడానికి ట్రెడ్‌మిల్ అక్కర్లేదు. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకుని రాసుకోవచ్చు, నెలలు గడిచేకొద్దీ అది నెమ్మదిస్తుంది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసుకోవచ్చు. ఒకే దూరాన్ని ఎన్ని నిమిషాల్లో నడుస్తున్నారో, నడుము టేపు ఎంత చూపుతోందో రాసుకోవచ్చు. గుండె, ఊపిరితిత్తుల శక్తిని కూడా బీపీ, నాడిలాగే ప్రతి రోగిలోనూ చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. మన ఓపీ చీటీల మీద బరువుకు గడి ఉంటుంది, దీనికి ఉండదు.

ఇప్పుడు ఈ చర్చ తలకిందులైన రూపంలో మన ముందుకు వస్తోంది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025 నుంచి భారత మార్కెట్‌లో ఊపందుకున్నాయి. ఇవి నిజంగా పనిచేస్తాయి, అవసరమైనవారికి ప్రాణదానమే. ఇంతకాలం ఫిట్‌నెస్ పెరిగి బరువు తగ్గనివారి గురించి మాట్లాడాం. ఇకమీదట బరువు తగ్గి ఫిట్‌నెస్ పెరగనివారిని ఎక్కువగా చూస్తాం. డెన్మార్క్‌లో 195 మందితో జరిగి 2021లో ప్రచురితమైన ప్రయోగంలో, ముందు తిండి తగ్గించి బరువు దింపాక, ఏడాదిపాటు కొందరికి లిరాగ్లూటైడ్ అనే ఇలాంటి ఇంజెక్షన్, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. ఒంట్లో కొవ్వు బాగా తగ్గి, ఊపిరి శక్తీ షుగర్ లెక్కలూ మెరుగుపడింది రెండూ కలిసిన గుంపులో. ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్నవారి ఊపిరి శక్తి పెరగలేదు. ఈ మందులతో తగ్గే కిలోల్లో కొంత కండ కూడా పోతుంది. అసలే కండ తక్కువగా పుట్టే మన జనానికి ఆ నష్టం తెల్లవాళ్ళకంటే ఎక్కువ కావచ్చు. అందుకే ఈ సూది రాసే డాక్టర్లు అదే చీటీ మీద వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, చాలినంత పప్పు, గుడ్లు, పాలు కూడా రాయాలి. మొదటి విజిట్‌లోనే పిడికిలి పట్టు, కుర్చీలోంచి లేవగలిగిన సంఖ్య నమోదు చేసి, ఆరు నెలల తర్వాత మళ్ళీ చూడాలి.